పదమూడేళ్లు నడిచిన స్విఫ్ట్: ముందు బాడీ, కాగితాలు చూడండి, ఇంజిన్ సంగతి తర్వాత

మీరు అడిగింది ఇదీ. 2012 జూలైలో తయారై, సెప్టెంబర్‌లో రిజిస్టర్ అయిన మారుతి స్విఫ్ట్ వీఎక్స్ఐ, పెట్రోల్ బండి. హైదరాబాద్‌లో ఉంది, ఏపీ 28 నంబర్. మీటర్ మీద 78 వేల కిలోమీటర్లు, అమ్మేది రెండో ఓనర్, అడుగుతున్నది 3 లక్షల 10 వేలు. మీరు ఉండేది గుంటూరు. స్కూలుకు రానూపోనూ ముప్పై కిలోమీటర్లు, నెలకోసారి అమ్మావాళ్ల ఊరు. వీడియో కాల్‌లో చూపించారు, ఇంజిన్ సౌండ్ సాఫీగా ఉంది, ఏసీ బాగుంది, టచ్ స్క్రీన్ కొత్తది, పెయింట్ మెరుస్తోంది, టోకెన్ అడ్వాన్స్ పదివేలు వేయమంటున్నారు, వేయమంటారా అని.

అమ్మా, ఆ పదివేలు ఇప్పుడే వేయకండి. బండి చెడ్డదని నా ఉద్దేశం కాదు. మీరు రాసిన నాలుగు మంచి గుణాల్లో ఒక్కటి కూడా పాత కారును కొనాలో వద్దో తేల్చేది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. సెకండ్ హ్యాండ్ కారు కొని, ఆరు నెలల తర్వాత ముఖం వేలాడేసుకుని వచ్చినవాళ్లలో ఇంజిన్ వల్ల మోసపోయినవాళ్లు తక్కువ. ఇంజిన్ పాడైతే ఎంతవుతుందో చెప్పగలను, చేసి ఇవ్వగలను. క్లచ్ పోతే క్లచ్ వేస్తాం, ఏసీ పోతే ఏసీ చేస్తాం. కానీ యాక్సిడెంట్‌లో చాసిస్ వంగి, కోసి అతికించిన బండిని నేను మళ్లీ కంపెనీ బండి చేయలేను. నీళ్లలో మునిగిన వైరింగ్‌కు నా దగ్గర మందు లేదు. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) రాని బండిని మీ పేరు మీదకు తేలేను. అందుకే ముందు బాడీ, దానితో పాటే కాగితాలు. ఆ రెండూ గట్టిగా ఉంటే మిగతాదంతా రేటు మాట్లాడుకునే విషయమే. చాలామంది దీన్ని తిరగేసి చూస్తారు. ముందు ఇంజిన్ వింటారు, ఏసీ వేస్తారు, పాట పెడతారు, అప్పటికే మనసు పడిపోతుంది. ఆ తర్వాత కింద తుప్పు కనిపించినా కంటికి ఆనదు.

మీ బండి నంబర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మీరు ఇంట్లో కూర్చునే తేల్చుకోగలిగింది అదే. ఏపీ 28 అని ఉంది కాబట్టి మన రాష్ట్రం బండే, పేరు మార్చుకుంటే సరిపోతుంది అనుకుంటున్నట్టు మీ మాటల్లో కనిపించింది. అలా కాదు. ఏపీ 28 అంటే ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి జిల్లా కోడ్. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక కొత్త బండ్లకు టీఎస్ నంబర్లు వచ్చాయి, 2024 నుంచి టీజీ వస్తోంది. అంతకుముందు బండ్లకు ఏపీ నంబర్లు అలాగే ఉండిపోయాయి. ప్లేటు మీద ఏపీ ఉన్నా ఆ బండి రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంటుంది. దాన్ని గుంటూరు తెచ్చుకోవాలంటే అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలి. వేరే రాష్ట్రం బండిని మన దగ్గర ఏడాదికి మించి పాత రిజిస్ట్రేషన్ మీదే తిప్పకూడదని చట్టం. లైఫ్ ట్యాక్స్ విషయంలో మీ బండి తయారీ తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ చూపించి గుంటూరు ఆర్టీవో ఆఫీసులో ముందే లెక్క కట్టించుకోండి. ఆ లెక్క చేతికి రాకుండా రేటు మాట్లాడొద్దు. 3 లక్షల 10 వేలు అన్నది హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రేటు. మీకు ఆ బండి పడే ఖరీదు వేరే.

ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) ఫొటో అడగండి. నంబర్ ఒక్కటి చాలదు, రెండు వైపులా కావాలి. రవాణా శాఖ సైట్‌లో ఆ నంబర్ కొట్టి చూస్తే ఓనర్ వరుస సంఖ్య, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా అన్నవి చాలావరకు తెలుస్తాయి. ‘లోన్ ఎప్పుడో కట్టేశామండీ’ అంటారు. కట్టేసి ఉండొచ్చు. కానీ ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి లోను కింద తాకట్టులో ఉందన్న నమోదు) ఇంకా కనిపిస్తుంటే బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి దాన్ని వాళ్లే తీయించాలి, ఆ తర్వాతే మీరు డబ్బు ఇవ్వాలి. మీరు తీయించుకుంటామని ఒప్పుకోకండి. పదేళ్ల క్రితం మూతపడిన ఫైనాన్స్ ఆఫీసు కోసం ఊళ్లు తిరిగినవాళ్లు నాకు తెలుసు. తెలంగాణ పోలీస్ ఈ-చలానా సైట్‌లో ఆ నంబర్ మీద పెండింగ్ ఎంతుందో కూడా చూడండి. ఎన్‌ఓసీకి వెళ్లినప్పుడు అవన్నీ బయటపడతాయి, అప్పుడు కట్టాల్సింది ఎవరన్న గొడవ వస్తుంది.

ఇంకొకటి. అమ్మేది పాత కార్ల బేరాలు చేసే కన్సల్టెన్సీవాళ్లయితే, సంతకం చేయాల్సిన మనిషి ఎవరో కనుక్కోండి. పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే ఎప్పుడో సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండానే బండిని చేతులు మారుస్తుంటారు. మీరు ‘రెండో ఓనర్’ అంటున్నది ఆర్‌సీ ప్రకారమా, వాళ్ల మాట ప్రకారమా? ఆర్‌సీలో పేరున్న మనిషితో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడించమనండి. మాట్లాడించలేకపోతే అక్కడే ఆగిపోండి. ఎన్‌ఓసీకీ, పేరు మార్పుకూ ఆ ఓనర్ ఫోన్‌కు వచ్చే ఓటీపీలు అవసరం పడొచ్చు. ఆ మనిషి ఏ దుబాయ్‌లోనో ఉంటే మీ పని ముందుకు సాగదు.

2012 సెప్టెంబర్ రిజిస్ట్రేషన్ అంటే 2027 సెప్టెంబర్‌కు పదిహేనేళ్లు నిండుతాయి. ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ గడువు అంతే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ రెన్యువల్ ఫీజు ఐదువేలు చేశారు, గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. ఇది భయపడాల్సిన ఖర్చు కాదు. కానీ ఈ బండి మీ దగ్గర 2027 దాటి ఉండాలంటే ఫిట్‌నెస్‌కు నిలబడే బాడీ కావాలి. మళ్లీ బాడీ దగ్గరికే వచ్చాం.

బాడీ చూడటానికి పొద్దున్న ఎండ పడ్డాక వెళ్లండి. సాయంత్రం లైట్ల కింద చూడొద్దు, అప్పుడే కడిగి తడిగా ఉన్న బండిని అసలు చూడొద్దు. తడి మీద ప్రతి పెయింటూ కొత్తగానే ఉంటుంది. హెడ్‌లైట్ ఎత్తుకు వంగి, బండి పొడవునా పక్క నుంచి చూపు సారించండి. డోర్ల మీద పడిన చెట్టు నీడో, కరెంటు స్తంభం నీడో గీత గీసినట్టు సాగాలి. ఎక్కడైనా అల అల్లాడినట్టు వంకర పోతే అక్కడ టింకరింగ్ (రేకు సొట్టలు తీసే పని) జరిగింది. పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా కొట్టినచోట జారిపోతుంది. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద ఈ పరీక్ష పనిచేయదు, వాటి రంగు కొంచెం తేడాగా ఉన్నా పట్టించుకోవద్దు. పదమూడేళ్లు మన రోడ్ల మీద తిరిగిన బండికి రెండు బంపర్లకూ, ఒకటి రెండు డోర్లకూ టచప్ జరగకపోతేనే వింత. సొట్టలు కనిపించాయని బండిని వదులుకోకండి. నిజం చెప్పాలంటే నాకు సొట్టలున్న ఒరిజినల్ పెయింట్ బండి అంటేనే ఇష్టం. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో కళ్ల ముందే ఉంటుంది. మీరు పంపిన ఫొటోల్లో బాడీ మొత్తం ఒకే మెరుపుతో ఉంది, నాకు అనుమానం వచ్చింది అక్కడే. అమ్మకానికి ముందు ఎవరైనా మొత్తం పెయింట్ వేయించారంటే, ఆ యాభై వేలు ఎందుకు పెట్టారో అడగాలి కదా.

బానెట్ ఎత్తండి. ఇంజిన్ వైపు చూడకండి ముందు. బానెట్ బిగించిన బోల్టులు, రెండు పక్కల ఫెండర్ బోల్టులు చూడండి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు బోల్టు తల మీద కూడా బాడీ రంగే ఉంటుంది. స్పానర్ పెట్టి విప్పితే ఆ రంగు అంచుల్లో చిట్లుతుంది. ఫెండర్ ఒకటి మార్చారంటే పెద్ద విషయం కాదు, అది బోల్టులతో బిగించే రేకు. దాని లోపల, షాక్ అబ్జార్బర్ పైభాగం కూర్చునే చోటు ఉంటుంది, మేం ఏప్రన్ అంటాం. అది బాడీలో భాగం. అక్కడ ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు చిన్న గుంటల్లా, సమాన దూరంలో వరుసగా ఉంటాయి. కీళ్ల మీద రాసిన సీలెంట్ మెషిన్‌తో రాసినట్టు ఒకే వెడల్పులో ఉంటుంది. కుడి ఎడమలు రెండూ పోల్చి చూడండి. ఒకవైపు చుక్కలు కనిపించి రెండోవైపు నున్నగా ఉన్నా, సీలెంట్ వేలితో పూసినట్టు ఉన్నా ముందునుంచి గట్టి దెబ్బే తగిలింది. రేడియేటర్ పైన అడ్డంగా ఉండే పట్టీ కూడా అంతే. ఆ పట్టీ ఒక్కటే మార్చి ఉంటే రేటు తగ్గించి మాట్లాడొచ్చు, ఏప్రన్ అతికించి ఉంటే మాత్రం మాటలు ఆపి ఇంటికి వచ్చేయండి.

డోర్లు నాలుగూ తెరిచి, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను కొంచెం లాగండి, చేత్తోనే ఊడుతుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. అమ్మేవాళ్లు అభ్యంతరం చెబితే అది కూడా ఒక జవాబే. రబ్బరు కింద పిల్లర్ (డోర్ల పక్కన పైకప్పును మోసే నిలువు స్తంభం) అంచున అవే వెల్డింగ్ చుక్కలు ఉండాలి. ముందు పిల్లర్ గానీ, మధ్య పిల్లర్ గానీ కోసి అతికించిన ఆనవాలు ఉంటే ఆ బండి ఎంత చవకైనా వద్దు. పిల్లలు ఎక్కే బండి అది. డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంత అడుగు చూడండి. వెనక నుంచి గుద్దినప్పుడు రేకు ముడతలు పడేది అక్కడే. అద్దాల మూలల్లో కంపెనీ ముద్ర ఉంటుంది, అన్నింటి మీదా ఒకే కంపెనీ పేరు ఉందా చూడండి. ముందు అద్దం రాయి తగిలి మార్చి ఉండొచ్చు, అది మామూలే. పక్క డోర్ అద్దం ఒక్కటే వేరే కంపెనీదైతే ఆ డోర్‌ను ఇంకోసారి జాగ్రత్తగా చూడండి.

బండిని ర్యాంప్ మీదకు ఎక్కించకుండా కొనొద్దు. రెండు వందలు, మూడు వందలు తీసుకుని ఏ వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లోనైనా ఎక్కిస్తారు. డోర్ల కింద రన్నింగ్ బోర్డు అంచు, ఫ్లోర్ రేకు, వెనక యాక్సిల్ తగిలించిన చోటు, వీటి మీద తుప్పు పొక్కులుగా లేచిందా, లేక రేకును తినేసి రంధ్రం చేసిందా తేల్చుకోవాలి. స్క్రూడ్రైవర్ వెనక పిడితో తట్టండి, గట్టి రేకు టంగుమంటుంది, తిన్న రేకు డొల్లగా పలుకుతుంది. హైదరాబాద్‌లోనే తిరిగిన బండికి తుప్పు మన కాకినాడ, మచిలీపట్నం, విశాఖ బండ్లంత ఉండదు. సముద్రపు గాలి తగలదు కదా. ఆ విధంగా ఇది మీకు కలిసొచ్చేదే. కానీ కింద మొత్తం తాజాగా నల్ల అండర్ కోటింగ్ కొట్టి ఉంటే సంతోషపడకండి. అమ్మబోయే బండికి కింద నలుపు కొట్టించేది దేన్నో కప్పడానికే.

ఇప్పుడు నీళ్లలో మునిగిన బండి సంగతి, దీని మీద నాకు ఆవేదన ఉంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను వరద ముంచింది. ఆ మరుసటి ఏడాది మా బావమరిదికి ఒక చిన్న కారు కావాలంటే నేనే హైదరాబాద్ వెళ్లి చూశాను. వాన పడుతోంది, ఆలస్యమైంది, తెలిసినవాళ్లు చెప్పిన కన్సల్టెన్సీ కదా అని పైపైన చూసి తెచ్చేశాను. రెండు నెలలకు పవర్ విండో ఆగింది. తర్వాత లోపలి లైట్లు, ఆ తర్వాత నడిరోడ్డు మీద బండి ఉన్నట్టుండి ఆగిపోవడం. ఒకరోజు సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితే, వైర్ల కట్ట కింద ఎండిన ఒండ్రు మట్టి, వేలి మందాన. కనెక్టర్ల లోపల పిన్నులన్నీ పచ్చగా పట్టేసి ఉన్నాయి. మా చెల్లెలు, చంటిపిల్లతో ఆ బండిలో రెండుసార్లు హైవే మీద నిలబడిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ తర్వాత 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మా విజయవాడే మునిగింది. అప్పుడు షెడ్డు ముందు వరుస కట్టిన కార్లను చూశాను. బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద వదిలేసిన బండ్లు వేలంలో వెళ్లిపోయి, ఎక్కడో కడిగించుకుని మళ్లీ అమ్మకానికి వస్తాయి.

కాబట్టి ఇలా చూడండి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. పైభాగం శుభ్రంగా ఉండి, ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు మీద బురద చార ఉంటే బండి మునిగినట్టే. ముందు సీట్ల పట్టాలు, వాటి బోల్టులు తుప్పుపట్టాయా వంగి చూడండి. స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తీసి లోపల పచ్చదనం ఉందా చూడండి. బండి అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో ఉంచి, తర్వాత డోర్ తెరిచి వాసన పీల్చండి. సెంటు డబ్బాలు రెండు మూడు పెట్టి ఉంటే వాటిని తీసేసి ఈ పని చేయండి. 2020 నుంచి ఇప్పటిదాకా ఇన్సూరెన్స్ పాలసీల కాపీలు అడిగితే, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏ ఏడాది సున్నాకు పడిందో కనిపిస్తుంది. క్లెయిమ్ చేస్తే ఆ తర్వాతి ఏడాది అలా పడుతుంది. ఆ ఏడాది ఏం జరిగిందని నేరుగా అడగండి.

ఇవన్నీ దాటిందా, ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి రండి. ఈ బండిలో ఉన్నది 1197 సీసీ, నాలుగు సిలిండర్ల కే-సిరీస్ పెట్రోల్ ఇంజిన్. చాలా మంచి ఇంజిన్. ఆయిల్ వేళకు మార్చిన బండ్లు రెండు లక్షల కిలోమీటర్లు ఇంజిన్ హెడ్ విప్పకుండా నడిచినవి నా చేతుల మీదుగా వెళ్లాయి. టైమింగ్ చైన్ ఉంటుంది కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. ఆయిల్ సరిగా మార్చని బండికి మాత్రం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చైన్ గలగలమంటుంది. అందుకే మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, వేడెక్కించి చూపిస్తున్నారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఒకసారి తిరగగానే అందుకోవాలి. గలగల ఒకటి రెండు సెకన్లలో పోతే పరవాలేదు, ఆగకుండా ఉంటే ఖర్చు ఉంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని పీకేశారు.

బండి కదపకుండా ఐదు నిమిషాలు ఇంజిన్‌ను ఐడిల్‌లో వదిలి, తర్వాత ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి సైలెన్సర్ వైపు చూడమని పక్కవాళ్లకు చెప్పండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. బండి చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ డబ్బా చూడండి. మన దగ్గర చాలా బండ్లలో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి తిప్పేస్తారు. తుప్పు రంగు నీళ్లు ఉంటే రేడియేటర్, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ల మీద అనుమానం పెట్టుకోవాలి. ఐడిల్‌లో కొంచెం వణుకు ఉంటే చాలావరకు ఇంజిన్‌కు గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మురికో, ఇంజిన్ మౌంటింగో అయి ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు.

నడిపేటప్పుడు కనీసం పదిహేను కిలోమీటర్లు నడపండి, మ్యూజిక్ ఆపేసి. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే ముందు నుంచి టకటక వస్తే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు. స్విఫ్ట్‌కు ఇవి అరగడం మామూలు, ఎనిమిది పది వేలలో పోతుంది. ఆ టకటక స్టీరింగ్ చేతికి తగులుతుంటే స్టీరింగ్ ర్యాక్, దానికి ఎక్కువ. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి గుండ్రంగా నడిపితే కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్. మూడో గేర్‌లో ముప్పై స్పీడులో ఉండగా ఒక్కసారి గట్టిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి బండి మాత్రం అందుకోకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది, ఏడెనిమిది వేలు. ఖాళీ రోడ్డు మీద అరవైలో స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే పక్కకు లాగకూడదు.

ఏసీ బాగుందన్నారు. అమ్మడానికి ముందు గ్యాస్ నింపిన ఏసీ రెండు మూడు వారాలు ఎవరికైనా బాగానే ఉంటుంది. చివరిసారి గ్యాస్ ఎప్పుడు నింపించారో అడిగి, నెల రోజుల్లోనే అయితే లీకు ఎక్కడని అడగండి. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, మజూరీయే సగం ఖర్చు.

78 వేల కిలోమీటర్ల సంగతి. పదమూడేళ్లలో అంత తక్కువ తిరగడం అసాధ్యమేం కాదు, ఏడాదికి ఆరువేలు. కానీ నమ్మడానికి ఏదో ఒక ఆధారం కావాలి. మారుతి ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌లో చేసిన సర్వీసులు నంబర్‌తో రికార్డులో ఉంటాయి. ఆ హిస్టరీ ప్రింట్ తీయించి ఇవ్వమని ఓనర్‌నే అడగండి. 2017లోనే 80 వేలు రాసి ఉంటే కథ అర్థమైపోతుంది. హిస్టరీ లేకపోతే క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ పైభాగం, డ్రైవర్ సీటు కుడి అంచు చూడండి. 78 వేల బండికి పెడల్ రబ్బరు గీతలు పూర్తిగా అరిగిపోవు. కొత్త రబ్బర్లు, కొత్త స్టీరింగ్ కవర్, కొత్త సీట్ కవర్లు మూడూ ఒకేసారి కనిపిస్తే మీటర్‌ను పట్టించుకోవడం మానేసి, బండి లక్షన్నర తిరిగిందనుకునే రేటు మాట్లాడండి. నన్నడిగితే, సర్వీస్ కాగితాలున్న లక్షా ఇరవై వేల బండి, కాగితాల్లేని 78 వేల బండి కంటే మేలు.

టైర్ల పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటినవి గ్రిప్పు ఎంత ఉన్నా మార్చాల్సిందే, మీ బండి సైజుకు నాలుగు టైర్లూ పద్దెనిమిది నుంచి ఇరవై వేలు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, 2012 బండి దానికోసం తయారు చేసింది కాదు. కొన్నాక పెట్రోల్ పైపు రబ్బర్లు ఒకసారి చూపించి, గట్టిపడి పగుళ్లు ఉంటే మార్పించేయండి. పెద్ద ఖర్చు కాదు, కానీ పెట్రోల్ లీకు ఊరుకోదగిన విషయం కాదు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఆ ఏడాది వీఎక్స్ఐలో ఎయిర్‌బ్యాగులు రాలేదు, దానికి పై రకమైన జెడ్‌ఎక్స్ఐలోనే ఉండేవి. 2014 నవంబర్‌లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఇక్కడ అమ్మే, ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను గుద్దించి చూసి సున్నా స్టార్లు ఇచ్చారు. ఆ రోజుల్లో ఈ ధరలో దొరికిన చాలా చిన్న కార్ల పరిస్థితి అదే. ఊళ్లో నలభై స్పీడులో తిరగడానికి ఇది ఒక లెక్క, నెలనెలా పిల్లలతో హైవే ఎక్కడం ఇంకో లెక్క. మీ బడ్జెట్‌లోనే జెడ్‌ఎక్స్ఐ దొరికితే, రంగు నచ్చకపోయినా, పది వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా, దాన్నే తీసుకోమంటాను. ఇదే బండి తీసుకుంటే మాత్రం వెనక సీటు బెల్టులు పనిచేస్తున్నాయా చూడండి. ఒక్కసారి విసురుగా లాగితే పట్టేయాలి. సీట్ కవర్ల కింద బకిల్స్ పాతిపెట్టేసి ఉంటారు, వాటిని బయటికి తీయించండి.

డీజిల్ స్విఫ్ట్ ఇదే రేటుకు వస్తోంది, మైలేజీ ఎక్కువ కదా అని చివర్లో రాశారు. వద్దు. ఆ 1.3 డీజిల్ ఇంజిన్ మంచిదే, కానీ రోజుకు ముప్పై కిలోమీటర్లకు మీరు మిగుల్చుకునే డబ్బు, ఒక్కసారి ఇంజెక్టరో టర్బోనో పని చెబితే పోతుంది.

ఇక రేటు. బాడీ, కాగితాలు నేను చెప్పినట్టు ఉండి, మిగతావి అరుగుదల మాత్రమే అయితే లెక్క ఇలా వేసుకోండి. కొన్న వెంటనే ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్, ప్లగ్గులు అన్నీ కలిపి ఎనిమిది నుంచి పది వేలు, ఇది ఏ పాత బండికైనా తప్పదు. బ్యాటరీ పాతదైతే ఇంకో నాలుగైదు వేలు. టైర్లు, సస్పెన్షన్, క్లచ్‌లలో ఏవేవి అవసరమో వాటి ఖర్చు. ఎన్‌ఓసీ, రీ-రిజిస్ట్రేషన్, గుంటూరులో చెప్పిన ట్యాక్స్. ఇవన్నీ కూడి, మీ మొత్తం 3 లక్షల 10 వేలు దాటకుండా వెనక్కి లెక్క కట్టండి. నా అంచనాలో మీరు చేతిలో పెట్టాల్సింది 2 లక్షల 50 వేల దగ్గర తేలుతుంది. జాబితా కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టి మాట్లాడండి, ఊరికే ‘తగ్గించండి’ అంటే ఐదువేలు తగ్గిస్తారు. ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. థర్డ్ పార్టీ భాగం బండితో పాటు మీకు వస్తుంది, బండి డ్యామేజీకి ఇచ్చే భాగం పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదకు మార్పించుకుంటేనే పనికొస్తుంది, నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినవాళ్లదే.

శనివారం వెళ్తానన్నారు. ఒంటరిగా వెళ్లకండి, హైదరాబాద్‌లో మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, వాళ్లు చూపించే మెకానిక్‌ను కాదు. రోజు కూలి కింద వెయ్యి రూపాయలు ఇస్తే సంతోషంగా వస్తారు. మొదట ఆర్‌సీ రెండు వైపులా ఫొటో, సర్వీస్ హిస్టరీ, పాత పాలసీల కాపీలు తెప్పించుకోండి. అవి శుక్రవారం సాయంత్రం లోపు రాకపోతే రైలు టికెట్ క్యాన్సిల్ చేసుకోండి. వస్తే, ఏప్రన్లు రెండు వైపులా, పిల్లర్ల రబ్బరు కింద, స్టెప్నీ గుంత, సీటు బెల్టు చివర, బండి కింద భాగం, ఈ ఐదు చోట్లా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. డబ్బు ఇచ్చేముందు చూసి చెబుతాను.